కాడి దించే రోజు

ఇరవయ్యేళ్ల పిల్ల విశ్రాంత జీవితం మీద వ్యాసం రాస్తానంటే నవ్వు రావడం సహజమే. ఉద్యోగం లేదు, జీతం లేదు, డిగ్రీ ఇంకా చేతికి రాలేదు, అప్పుడే రిటైర్మెంటా అని హాస్టల్లో మిత్రులు వేళాకోళం చేశారు. మన విద్యార్థి సంఘం సంచికలో ప్రేమ మీద కవితలుంటాయి, పరీక్షల మీద హాస్యాలుంటాయి, దేశ భవిష్యత్తు మీద గంభీరమైన వ్యాసాలుంటాయి. ముసలితనం మీద మాత్రం ఎవరూ రాయరు. అది మన సంగతి కాదు, మన అమ్మానాన్నల సంగతి కాబట్టి కాబోలు. నేను రాయడానికి కారణం కూడా అదే. మా నాన్నకు ఈ ఏడు 58 నిండాయి. ఆయన ఎప్పుడు పని మానాలి, మానితే ఎలా బతకాలి అన్న ప్రశ్న మా ఇంట్లో గత సంక్రాంతి నుంచీ నలుగుతోంది. అది మా ఒక్క ఇంటి ప్రశ్న కాదని తెలిసి, మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర ఒక చిన్న పల్లె. విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డున పోతుంటే ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండపల్లి కొండలు, మధ్యలో థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. మమ్మల్ని కృష్ణా జిల్లా వాళ్లమంటే చాలు, కాలువ కింద మూడు పంటలు పండించే ఆసాములమనుకుంటారు. అది 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి దిగువనున్న వాళ్ల అదృష్టం. మేం బ్యారేజీకి ఎగువవాళ్లం. ఏరు కళ్లముందే ఉంది గానీ మా చేనుకు మాత్రం కాలువ లేదు, బోరే దిక్కు. 2022 వరకూ కృష్ణా జిల్లా అనిపించుకున్నాం, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారింది గానీ బోరు లోతు మారలేదు.

మా ఊళ్లో "రిటైరయ్యాడు" అన్న మాట మేష్టార్లకూ, ఆఫీసుల్లో, థర్మల్ కేంద్రంలో పనిచేసిన వాళ్లకూ మాత్రమే వాడతారు. వాళ్లకో రోజుంటుంది. ఆ రోజు శాలువా కప్పుతారు, దండ వేస్తారు, గ్రూపు ఫొటో తీస్తారు, మిఠాయి పంచుతారు. మా పెదనాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైనప్పుడు ఊరేగింపుగా ఇంటిదాకా తెచ్చి దించారు. రైతుకు అలాంటి రోజు లేదు. రైతు మానేస్తే "కాడి దించాడు" అంటారు. ఆ మాట కూడా సాధారణంగా మనిషి మంచాన పడ్డాకనే వినిపిస్తుంది. కాడి దించినందుకు ఏ రైతుకూ ఎవరూ దండ వేయగా నేను చూడలేదు.

అసలు మనిషి ఎప్పుడు పని మానాలన్నది కొత్త ప్రశ్న కాదు. ఒంటిమీద ముడతలు, తలమీద నెరుపు, ఒళ్లో మనవడు కనబడ్డాక గృహస్థు అడవి దారి పట్టాలని మనుస్మృతి. అంకె లేదు, గుర్తులే ఉన్నాయి. అంకె పెట్టినది బిస్మార్కు కాలపు జర్మనీ. 1889లో అక్కడ వృద్ధాప్య బీమా చట్టం వచ్చినప్పుడు వయసు 70 అన్నారు, 1916లో 65కు దించారు. మన రాష్ట్రంలో ఈ అంకె ఎన్ని కుప్పిగంతులు వేసిందో పెద్దలకు జ్ఞాపకమే. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 58ని 55 చేసింది. వేలమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. 1984లో మళ్లీ 58 అయింది. 1985లో సుప్రీంకోర్టు ముందొక తీర్పులో, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందంది. అదే ఏడు ఇంకో తీర్పులో, మధ్యలో ఇంటికి పోయి ఇంకా 58 నిండని వాళ్లను తిరిగి తీసుకోమంది. 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. పొరుగున తెలంగాణలో 2021లో 61 చేశారు.

ఆ 55కూ ఈ 62కూ మధ్య ఏడేళ్ల తేడా. అవే కళ్లు, అవే మోకాళ్లు. అప్పుడు కుర్రకారుకు ఖాళీలు కావాలన్నారు, ఇప్పుడు అనుభవజ్ఞుల సేవలు కావాలంటున్నారు. సైన్సు విద్యార్థినిగా నాకిందులో అర్థమైనది ఒక్కటే. రిటైర్మెంటు వయసు నీటి మరుగు స్థానంలాంటి ప్రకృతి ధర్మం కాదు, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పందం. అయితే రైతుకు ఇచ్చేవాడెవరు? ఒప్పందం ఎవరితో?

ఆలోచిస్తే రైతుకూ ఒక తేదీ ఉంది. ఉద్యోగికి తేదీ తన పుట్టినరోజును బట్టి వస్తుంది. రైతుకు తన ఆఖరి కూతురి పెళ్లిరోజును బట్టి వస్తుంది. "పెద్దదాని పెళ్లి చేశాను, చిన్నదాని పెళ్లి కూడా అయిపోతే కాడి దించేస్తా" అని మా నాన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంటున్నాడు. ఆ చిన్నదాన్ని నేనే. అంటే మా నాన్న విశ్రాంతి నా మెడలో పడే మూడు ముళ్లకు ముడిపడి ఉంది. నేను ఎమ్మెస్సీ చదువుతానంటే ఆయన పని రెండేళ్లు పెరుగుతుంది. ఉద్యోగం వచ్చాకే పెళ్లంటే ఇంకో మూడేళ్లు. ప్రభుత్వం జీవో తెచ్చి వయసు పెంచుతుంది. మా ఇంట్లో నా చదువే ఆ జీవో.

మా థర్మల్ కేంద్రం సంగతి చెప్పాలి. డాక్టర్ నార్ల తాతారావు గారి పేరు పెట్టిన ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో, రెండోది 1980లో నడక మొదలెట్టాయి. ఒక్కొక్కటి 210 మెగావాట్లు. ఇలాంటి యూనిట్లకు మామూలుగా 25 ఏళ్లు ఆయుష్షని లెక్క కడతారు. తర్వాత ఇంకెన్నాళ్లు పనికొస్తాయో పరీక్షించి, మరమ్మతు చేసి నడుపుతారు, లేదా ఆపేస్తారు. ఆపడాన్ని కరెంటు భాషలో కూడా "రిటైర్" చేయడమనే అంటారు. గమనించవలసింది ఏమంటే, యంత్రం కొన్ననాటి నుంచీ తరుగుదల కింద ఏటా ఇంతని లెక్క వేస్తారు. ఆ తరుగుదల మనం కట్టే కరెంటు చార్జీలోనే కలిసి ఉంటుంది. అంటే యంత్రం ముసలిదవుతుందని అది పుట్టినరోజునే ఒప్పుకుని, ఖర్చు ముందునుంచే వసూలు చేస్తారు.

వ్యవసాయంలో కూడా ఈ లెక్క ఉందండోయ్. పంటలకు కనీస మద్దతు ధర సిఫారసు చేసేటప్పుడు సాగు ఖర్చు కడతారు. విత్తనం, ఎరువు, కూలి, ఇంటివాళ్ల శ్రమకు ఒక విలువ, పనిముట్ల అరుగుదల, అన్నీ అందులో ఉంటాయి. నాగలి అరుగుదలకు లెక్కుంది, ట్రాక్టరు అరుగుదలకు లెక్కుంది. నాగలి పట్టిన చేతి అరుగుదలకు లెక్క లేదు. మా నాన్న కుడి మోకాలు మూడేళ్లుగా అరిగిపోతోంది. డాక్టరు ఫొటో తీసి గుజ్జు అరిగిందన్నాడు. ఆ గుజ్జు ఏ బస్తా ధాన్యం ధరలో కలిసింది?

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని పెద్దల మాట. రైతు ముందునుంచీ దాచుకోవచ్చు కదా అని పట్నపు మిత్రులడుగుతారు. దాచుకోవాలంటే నెలనెలా రావాలి. మాకు వచ్చేది ఏటికి ఒకటి రెండు సార్లు, అదీ వస్తే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సగం మునిగిన సంగతి అందరికీ తెలుసు. అప్పుడు బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. పట్నం కన్నీళ్లు టీవీలో వచ్చాయి. మా ఎకరం వరి ఆరు రోజులు నీళ్లలో ఉండి కుళ్లింది, అదెక్కడా రాలేదు. ఆ ఏడు దాచినది లేదు సరిగదా, అంతకుముందు దాచినది కరిగింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. నెలకు కొంత కడితే 60 ఏళ్లు దాటాక పింఛను వచ్చే అటల్ పింఛను పథకం 2015లో వచ్చింది. చిన్న సన్నకారు రైతులు నెలకు 55 నుంచి 200 రూపాయల దాకా కడితే 60 దాటాక నెలకు 3,000 ఇచ్చే కిసాన్ మాన్‌ధన్ 2019లో వచ్చింది. రెండూ మంచివే. కానీ రెండింటికీ చేరే వయసు 18 నుంచి 40. అవి వచ్చేనాటికి మా నాన్న నలభై దాటేశాడు. ముందుతరం రైతు వచ్చేసరికి బస్సు కదిలిపోయింది. ఇక మిగిలినది వృద్ధాప్య పింఛను. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో అది నెలకు 4,000 అయింది. 60 నిండి, అర్హత ఉంటే ఇంటికి ఒకటి.

సంక్రాంతి సెలవుల్లో నేనూ మా నాన్నా నోటు పుస్తకం ముందేసుకుని ఒక లెక్క కట్టాం. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. అమ్మకూ నాన్నకూ బియ్యం, కూర, కరెంటు, మందులు, శుభాశుభాలు అన్నీ కలిపి నెలకు 15,000. ఏడాదికి 1,80,000. ఉన్న రెండున్నర ఎకరాలూ కౌలుకిస్తే, మా వైపు మా చేనుకు ఎకరానికి 25,000 చొప్పున 62,500. అరవై నిండాక పింఛను ఏడాదికి 48,000. రెండూ కలిపి 1,10,500. ఇంకా 69,500 తక్కువ. నూటికి ఏడు వడ్డీ వచ్చే చోట పది లక్షలు వేస్తే ఏడాదికి 70,000 వస్తుంది. సరిగ్గా సరిపోయింది! మా నాన్న "ఇంతేగా" అన్నాడు.

ఇంతే కాదు. రేడియోధార్మిక పదార్థాలకు అర్ధాయువు ఉంటుందని చదువుకున్నాం. కోబాల్ట్-60కి అది ఐదేళ్ల మూణ్ణెల్లు. రూపాయికీ అర్ధాయువు ఉంది. 72ను ధరల పెరుగుదల శాతంతో భాగిస్తే చాలు. ధరలు ఏటా నూటికి ఆరు పెరిగితే 12 ఏళ్లలో రూపాయి బలం సగమవుతుంది. అంటే అరవయ్యో ఏట 15,000తో గడిచే ఇల్లు డెబ్బై రెండో ఏట 30,000 అడుగుతుంది. కాబట్టి వడ్డీ అంతా తినేయకూడదు, కొంత మళ్లీ అసల్లో కలపాలి. అలా చూస్తే పది కాదు, ఇరవై లక్షలు కావాలి. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్న సామెతను మన వాళ్లు గణితం చదవకుండానే కనిపెట్టారు. మా ఊరి వాళ్లకు ఎదురుగా కొండలు కూడా ఉన్నాయి.

మా తాత పొలం కౌలుకిస్తే డబ్బు మాట్లాడేవాడు కాదట, ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడేవాడట. చాదస్తమనుకునేవాళ్లు. ధర పెరిగితే బస్తా ధర కూడా పెరుగుతుంది గదా! రూపాయి అర్ధాయువుకు మందు తాత చేతిలోనే ఉందన్నమాట.

మా చుట్టుపక్కల రైతులు ఎవరికి తోచిన దారి వాళ్లు వెతుక్కున్నారు. నందిగామ వైపు మెట్ట చేలల్లో వరుసలు వరుసలుగా సుబాబుల్ తోటలు కనిపిస్తాయి. కాగితం మిల్లులకు పోయే కర్ర అది. ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లకు కోతకొస్తుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది, రోజూ చేనుకు పోవలసిన పని లేదు. పిల్లలు పట్నం పోయి, ఒంట్లో సత్తువ తగ్గిన రైతు సుబాబుల్ వేస్తాడు. దాన్ని రైతు రిటైర్మెంటు పంట అనవచ్చు. నూజివీడు, మైలవరం వైపు మామిడి తోటలున్నవాళ్లు పూత మీదే వ్యాపారికి కాపు అమ్మేసి చేతులు దులుపుకుంటారు. ఇవేవీ లేనివాళ్లు కౌలుకిస్తారు. కౌలుకివ్వడంలోనూ భయాలున్నాయి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి వీలు కల్పించింది, భూమి హక్కు యజమానిదేనని స్పష్టం చేసింది. అయినా సంతకం అనగానే మా ఊళ్లో పెద్దవాళ్ల చెయ్యి వెనక్కి పోతుంది. నోటిమాట కౌలే నడుస్తుంది. దానివల్ల కౌలు రైతుకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం అతనికి అందదు. ఒకరి విశ్రాంతి ఇంకొకరి నెత్తిన బరువవుతోంది. ఇది కూడా మనం ఆలోచించవలసిన సంగతే.

అన్నిటికన్నా ప్రమాదమైన దారి ఇంకొకటి ఉంది. "నా తర్వాత ఎలాగూ మీదేగా" అని ఉన్నదంతా పిల్లల పేర రాసిచ్చి, వాళ్ల పంచన కూర్చోవడం. భారతంలో ధృతరాష్ట్రుడి విశ్రాంత జీవితం తలచుకోండి. యుద్ధమయ్యాక పదిహేనేళ్లు పాండవుల ఇంట్లో ఉన్నాడు. ధర్మరాజు లోటు చేయలేదు, తిండికీ మర్యాదకూ కొదవ లేదు. కానీ భీముడి మాటలు మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. అడవికి పోయేముందు చనిపోయినవాళ్లకు శ్రాద్ధం పెట్టుకుంటాను, కొంచెం ధనమివ్వండని అడగవలసి వచ్చింది. భీముడు అడ్డం తిరిగాడు. చేసినవి ఎన్ని పాపాలైనా, ఒకప్పుడు ఖజానా మొత్తం చేతిలో ఉన్న రాజు చేయి చాచిన ఘట్టమది. ఎంత మంచి ఇంటిలోనైనా ఒక భీముడుంటాడు. అది కొడుకే కావచ్చు, కోడలే కావచ్చు, కూతురే కావచ్చు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తర్వాత పిల్లలు చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు కాగితం మీద ఉండాలి. అంతకన్నా మేలు, రాయకుండా ఉంచుకోవడం, లేదా తమ జీవితకాలం అనుభవించే హక్కు తమకే ఉంచుకుని రాయడం. మా నాన్నతో ఈ మాటే అన్నాను. "నీ పిల్లల్ని నువ్వు నమ్మవా అంటారే ఊళ్లోవాళ్లు" అన్నాడు. "నమ్మకం వేరు, పాసుపుస్తకం వేరు నాన్నా" అన్నాను.

డబ్బొకటే ఉంటే సరిపోతుందా అంటే, దానికి జవాబు ఏటి అవతల ఉంది. మా ఫెర్రీ రేవులో నిలబడితే ఎదురుగా కనిపించేది అమరావతి. 2015లో అక్కడ భూసమీకరణ జరిగి, 33 వేల ఎకరాలకు పైగా రాజధానికి పోయాయి. రైతులకు అభివృద్ధి చేసిన స్థలాలు ఇస్తామనీ, పదేళ్లపాటు ఏటా మెట్టకు ఎకరానికి 30,000, జరీబుకు 50,000, ఏటేటా పెంపుతో కౌలు ఇస్తామనీ ఒప్పందం. అంటే ఒక ప్రాంతం రైతాంగమంతా ఒకే ఏడు కాడి దించినట్టయింది! ఆ రాజధాని మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. మా అమ్మ తరఫు చుట్టం ఒకాయన అక్కడ ఉన్నాడు. తిండికి ఏ లోటూ లేదు. ఆయనిప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడట. లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర ఆగిపోతాడట. "కాళ్లు చేనుకే పోదామంటాయమ్మా, చేను ఎక్కడుందో వాటికి చెప్పాలిగా" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కాబట్టి పని పూర్తిగా మానడం కాదు, పని బరువు దించుకోవడమే రైతుకు తగిన విశ్రాంతి అని నాకు తోస్తోంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ముసలివాళ్లు చెయ్యి వణికాక చెక్కడం పిల్లలకు వదిలి, తాము రంగులు చూసుకుంటూ కూర్చోవడం చూశాను. పని అదే, బరువు వేరు. మా నాన్నకు కూడా రెండున్నర ఎకరాల బదులు ఇంటి వెనక పది సెంట్ల కూరగాయల మడి, ఒక గేదె చాలు. పొద్దున కాళ్లు ఎక్కడికి పోవాలో వాటికి తెలుస్తుంది.

ఇంతకీ ఇరవై లక్షల సంగతి. ఆ డబ్బు మా దగ్గర ఉంది! బ్యాంకులో కాదు, చేలో. లోపలి చేను కాబట్టి రోడ్డు పక్క ధర పలకదు గానీ, అర ఎకరం అమ్మితే ఇరవై లక్షలకు లోటుండదు. ఇదే మా ఇంట్లో అసలు గొడవ.

మాకు మూడున్నర ఎకరాలుండేది. అక్క పెళ్లికి ఎకరం అమ్మారు. నా పెళ్లికి ఇంకో ఎకరం అమ్మాలని నాన్న ఎప్పుడో నిర్ణయించేశాడు. కట్నమంటే తప్పని ఆయనకూ తెలుసు, కట్నాన్ని నిషేధించిన చట్టం 1961 నుంచీ ఉంది. కాబట్టి "పసుపు కుంకుమ" అంటాడు. ఆ ఎకరం అమ్మడానికి ఆయన చెయ్యి వణకదు. అందులో సగం నీ ముసలితనానికి అమ్ముకో నాన్నా అంటే మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"నీ పెళ్లికమ్మితే పరువే. నేను కూచుని తినడానికి అమ్మితే తాగి తగలేసినవాడికీ నాకూ తేడా ఏంటి?"

"నా పెళ్లికమ్మితే ఒక్క రాత్రి పందిట్లో అయిపోద్ది నాన్నా. నీకోసమమ్మితే ఇరవయ్యేళ్లు వస్తది. ఏది తగలెయ్యడం?"

దానికి ఆయన జవాబు చెప్పలేదు. లేచి గేదెకు కుడితి పెట్టడానికి పోయాడు.

మన రాష్ట్రంలో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చిన సవరణ 1986లోనే వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. ఆ హక్కు నాకుందని తెలుసు. అది వదులుకోవడం గొప్పని నేననను. ఏ ఆడపిల్లా వదులుకోకూడదనే అంటాను. నేనడిగింది వేరు. ఆ భూమి పెళ్లిపందిట్లో కాకుండా, మా నాన్న బతికినంతకాలం ఆయన దగ్గరే, ఆయన కోసమే ఉండాలని. ఆ తర్వాత వాటాల మాట అక్కా నేనూ చూసుకుంటాం. నా హక్కుతోనే ఆ మాట అడిగాను.

ఇదంతా వింటూ పొయ్యి దగ్గరున్న అమ్మను "నువ్వెప్పుడు రిటైరవుతావమ్మా" అనడిగాను. "నాకెవరే ఇచ్చేది? పొయ్యున్నన్నాళ్లూ నేనుంటా" అంది. ఉద్యోగి పోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. రైతు పోతే భార్యకు వచ్చేది పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం. నాట్లు వేసింది, కలుపు తీసింది, పాలు పితికింది, ఆమె అరుగుదల ఏ పద్దులోనూ లేదు. అందుకే మా లెక్కలో ఒక మార్పు చేశాం. అర ఎకరం అమ్మితే ఆ డబ్బు ఇద్దరి పేరా, ఎవరు మిగిలితే వాళ్లకు అందేలా వేయాలని రాసుకున్నాం. ఆ ఒక్క వాక్యానికి మా నాన్న అభ్యంతరం చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు అయ్యేసరికి తేలినవి ఇవి. ఉగాది నుంచి పత్తి వేసే ఎకరంన్నర కౌలుకిస్తారు, వరి ఎకరం మాత్రం నాన్న ఇంకో రెండేళ్లు చూసుకుంటాడు. ఎవరి పేరా ఏమీ రాయరు. అర ఎకరం మాటకు "చూద్దాం" అన్నాడు. మా నాన్న కాదంటే కాదనే అంటాడు. చూద్దామన్నాడంటే రాత్రిళ్లు ఆలోచిస్తున్నాడని అర్థం.

ఇక మన సంగతి. మనలో చాలామంది ఉద్యోగాలు చేస్తాం, రైతులం కాబోము. అయితే మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్లకు పాత పింఛను పద్ధతి పోయింది. జీతంలోంచి కొంత, ప్రభుత్వం కొంత వేసే నిధి మీద ఆధారపడే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని మార్పులు చెప్పినా, మా పెదనాన్నకున్న నిశ్చింత మన తరానికి పుట్టుకతో రాదు. ప్రైవేటు ఉద్యోగాల మాట చెప్పనే అక్కర్లేదు. ఇరవయ్యో ఏట అటల్ పింఛనులో నెలకు 248 రూపాయలు కడితే అరవై దాటాక నెలకు 5,000 వస్తుంది. మనకు రెండు సినిమా టిక్కెట్ల డబ్బు. కానీ రూపాయి అర్ధాయువు మరచిపోకూడదు. ధరలు నూటికి ఆరు చొప్పున పెరిగితే, నలభయ్యేళ్ల తర్వాత ఆ 5,000 నేటి 500 పాటి చేస్తుంది. చేరడం మంచిదే, దాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

మిత్రులారా, ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి వేసవి సెలవులొస్తాయి. మనలో రైతు బిడ్డలు కొద్దిమంది కాదు. ఇంటికి వెళ్లాక మన ఫీజు, మన బట్టలు, మన పెళ్లి మాటల మధ్య ఒకసారి నాన్నను అడగండి, ఎప్పుడు కాడి దించుతావని. చాలామంది నవ్వి ఊరుకుంటారు, కొందరికి కోపం వస్తుంది. ఫరవాలేదు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చోండి. అమ్మను కూడా పిలవండి. మొదటి పంక్తిలో నెల ఖర్చు రాయండి. తర్వాతి పంక్తి వాళ్లే చెబుతారు.

— తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ. విద్యార్థిని